డిస్‌ప్లే పీసు

"ఫోర్ కేనా, ఎయిట్ కేనా సార్?" అడిగాడు సేల్స్‌మన్ ఉదయ్‌కుమార్.

గురునాథరావు భార్య వైపు చూశాడు. గౌరీశ్వరి గోడ వైపు చూసింది.

గోడ నిండా టీవీలే. ఒకదాంట్లో చిలకలు, ఒకదాంట్లో మంచుకొండలు. ఏది చూస్తే అదే బాగున్నట్టుంది. కనపడిన ప్రతివాడినీ సలహా అడిగి వచ్చాడేమో, గురునాథరావు బుర్రలో అన్నీ కలగాపులగం అయిపోయాయి.

"రెండిటికీ తేడా ఏటి?" అన్నాడు చివరికి.

"క్లారిటీ సార్."

"రెండూ బాగానే కనపడతన్నాయి కదయ్యా?"

"ఇది ఇంకా బాగా కనపడతాది సార్."

గురునాథరావు బుర్ర గోక్కున్నాడు. ఇంట్లో పాత టీవీ పోయిన రోజే హాయిగా ఉన్నాడు పాపం.

ఇంతలో గౌరీశ్వరి మూలనున్న టీవీ దగ్గర ఆగిపోయింది. "ఏవండీ, ఇటు రండి! మన భీమిలి!"

నిజమే, భీమిలి ఒడ్డే. అప్పుడే తెల్లవారుతోంది. జాలర్లు వల లాగుతున్నారు. అందులో ఒక కుర్రాడు పెద్ద చేపని పైకెత్తి, ఇటు తిరిగి నవ్వాడు. చేప పొలుసుల మీద నీటిచుక్కలు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి.

"మా ఓనరుగారే దగ్గరుండి తీయించారు సార్. మన ఊరి బొమ్మయితే జనానికి నమ్మకం కుదురుతాదని" అన్నాడు ఉదయ్‌కుమార్. "ఇది డిస్‌ప్లే పీసు. ఈ మోడల్లో ఆఖరిది. రేటు బాగా తగ్గిస్తాం."

ఆ టీవీకి సగం అడ్డంగా, తెరకి బాగా దగ్గరగా ఒక ముసలామె నిలబడి ఉంది. ఒంటి మీద చేపల వాసన. ఖాళీ తట్ట గుమ్మం అవతల బోర్లించి ఉంది.

"కొంచెం జరగమ్మా" అన్నాడు గురునాథరావు.

ఆమె జరగలేదు. "ఇది తీసుకోకండి బాబూ" అంది.

"ఏం?"

"బొమ్మ మసగ్గుంటాది. కళ్ళు పోతాయి. ఆ పక్కది తీసుకోండి, పెద్దది, సక్కగుంటాది."

మసగ్గా ఉన్న బొమ్మని ఈమె అంత దగ్గరగా నిలబడి ఎందుకు చూస్తున్నట్టు? గురునాథరావుకి అర్థం కాలేదు.

"మహాలక్ష్మమ్మా! బేరం దగ్గరికి రావద్దన్నానా?" ఉదయ్‌కుమార్ కసిరాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "భీమిలి నుంచొచ్చి మధురవాడంతా తిరిగి చేపలమ్ముతాది సార్. తట్ట ఖాళీ అవగానే ఇక్కడికొచ్చి నిలబడిపోతాది. ఇది వాళ్ళబ్బాయి కొంటాడంట, ఎవరికీ అమ్మొద్దంట."

"మరి రమ్మనండి ఆ అబ్బాయిని."

"యేటకెళ్ళాడు బాబూ, మా నూకరాజు" అంది ఆమె. "రాగానే కొంతాడు. వచ్చేత్తాడు."

"ఏడాది పైనుంచి ఇదే మాట సార్. అన్నాళ్ళ వేట ఎక్కడైనా ఉంటాదా?" నవ్వాడు ఉదయ్‌కుమార్.

ఆమె నవ్వలేదు. మళ్ళీ టీవీ వైపు తిరిగింది.

గురునాథరావు మరీ అయోమయంలో పడ్డాడు. టీవీలో నిజంగానే ఏదైనా లోపముందా? లేకపోతే ఈమె షాపు వాళ్ళ మనిషేనా? వద్దంటే మనం ఎగబడి కొంటామని నాటకమా?

"నాకు తెలిసిపోయింది" అంది గౌరీశ్వరి అతని చెవిలో. "మనం వెళ్ళిపోతే రేటు ఇంకా దింపుతారని చూస్తంది. అంత వద్దంటందంటే ఇదే మంచిదన్నమాట."

ఆ మాటతో గురునాథరావుకి ఎక్కడలేని ధైర్యం వచ్చింది. "ఇదే ఇచ్చేయండి" అన్నాడు.

"ఆ సముద్రం బొమ్మ కూడా ఇప్పించండి. ఇంటికొచ్చిన వాళ్ళకి చూపిద్దాం" అంది గౌరీశ్వరి.

"దానికేం మేడమ్, తీసుకెళ్ళండి. మాకు కంపెనీ వాళ్ళ బొమ్మలు బోలెడున్నాయి" అంటూ ఉదయ్‌కుమార్ టీవీ వెనక నుంచి పెన్‌డ్రైవ్ లాగాడు. భీమిలి మాయమైంది.

ముసలామె చెయ్యి ముందుకు వచ్చి ఆగిపోయింది.

"మీ ఇల్లెక్కడ బాబూ?" అడిగింది.

ఇల్లు వెనక వీధిలోనే. కానీ ఈవిడకెందుకు? గురునాథరావుకి అనుమానమొచ్చింది. "దూరం. ఆనందపురం అవతల" అన్నాడు.

"ఇది పెట్టే గదికి కిటికీ ఉంటాదా? రోడ్డు వైపు?"

ఇదెక్కడి ప్రశ్న! "లేదు" అనేశాడు.

"పోన్లెండి" అంది ఆమె. తట్ట తీసుకుని మెల్లగా రోడ్డెక్కింది.

"ఏటి మనిషండీ బాబూ!" అంది గౌరీశ్వరి.

మర్నాడు టీవీ హాల్లోకి ఎక్కింది, సరిగ్గా వీధి కిటికీకి ఎదురుగా. రిమోట్ మీద ఏ బటన్ ఎందుకో తెలియక గురునాథరావు ఉదయ్‌కుమార్‌కి ఫోన్ చేశాడు. అతను అంతా ఓపిగ్గా చెప్పి, "మొత్తానికి మీ పుణ్యమాని పీడ వదిలింది సార్" అన్నాడు.

"ఏ పీడ?"

"ఆ చేపలామె. పొద్దున్నే వచ్చి మూలన ఖాళీ అయిన చోటు చూసింది. ఇంక ఈ వైపు అమ్మకానికి రానని చెప్పి వెళ్ళిపోయింది."

ఫోన్ పెట్టేసరికి తెర మీద భీమిలి తెల్లవారుతోంది. వల ఒడ్డుకి వస్తోంది. కుర్రాడు చేపని పైకెత్తి నవ్వాడు.

"ఆపండాపండి!" అంది గౌరీశ్వరి. "ఆ అబ్బాయి చేతి మీద ఏదో రాసుంది."

గురునాథరావు బొమ్మని ఆపాడు. లేచి, ఆ ముసలామె నిలబడినంత దగ్గరగా వెళ్ళి నిలబడ్డాడు.

తడిసిన ఆ ముంజేతి మీద పచ్చబొట్టు ఒక్క అక్షరం కూడా మసక లేకుండా కనిపిస్తోంది: 'అమ్మ మహాలక్ష్మమ్మ'.