ఎవరడిగారు?

"మీరెన్నయినా చెప్పండి డాక్టరుగారూ, నేనొక చోటికి రాకపోతే ఎందుకు రాలేదని అడిగే నాథుడు లేడు."

పెద్దిరాజు ఈ మాట అనడం ఇది ఆరో వారం. తను డాక్టరు కాదు, సైకాలజిస్టునని తబిత కూడా ఆరు వారాలుగా చెబుతూనే ఉంది. ఇద్దరిలో ఎవరూ మారలేదు. కడియం దగ్గర కాలువ లాకుల మీద లస్కరు అతను. తలుపులెత్తి నీళ్ళు వదలడం, దించడం. రోజంతా ఆ నీళ్ళతో తప్ప మాట్లాడేందుకు మనిషి ఉండడు. ప్రతి మంగళవారం బస్సెక్కి రాజమండ్రి వచ్చి, సరిగ్గా నాలుగింటికి తబిత ఎదుటి కుర్చీలో కూర్చుంటాడు.

"బతకాలని లేదనిపిస్తోందా?" మెల్లగా అడిగింది తబిత.

"అబ్బే, అదేం లేదండి. ఉన్నా లేనట్టే అంటున్నాను. అంతే."

తబితకు వాదించడం చేతకాక కాదు. కానీ పోయిన ఆదివారం చర్చి నుంచి వచ్చి చదివిన ఓ పరిశోధన వ్యాసం ఆమె నోరు కట్టేసింది. నీ ఆలోచన తప్పని చెవిలో ఇల్లు కట్టుకుని పోరడం కన్నా, ఆ మనిషి చేతే పరీక్ష చేయించి చూపిస్తే గుణం ఎక్కువట. వ్యాసాన్ని ప్రింటు తీసి బల్ల అద్దం కింద పెట్టుకుంది. రెండు చోట్ల ఎర్ర పెన్నుతో గీతలు గీసింది. చదివింది పేషెంటుకి పనికిరాకపోతే ఆ చదువెందుకని ఆమె పంతం.

ఓ తెల్లకాగితం తీసి మూడు గడులు గీసింది. మానేసిన చోటు. నా అంచనా. ఎవరడిగారు.

"మీరు తప్పకుండా వెళ్ళే చోటు ఒకటి ఎంచుకోండి. టీ కొట్టో, గుడో, ఏదైనా. వరసగా రెండుసార్లు వెళ్ళడం మానేయండి. ముందు చెప్పకూడదు సుమండీ. ఎందుకు రాలేదని ఎవరైనా అడిగితే ఇక్కడ రాయండి."

"ఎవరూ అడగరండి."

"నూటికి ఎంత నమ్మకం?"

"నూటికి నూరు."

"అయితే అదే రాయండి."

"ఆయ్" అని బుద్ధిగా రాశాడు. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకుని, గుమ్మం దగ్గర ఆగాడు.

"ఏ చోటైనా పరవాలేదాండి?"

"ఏదైనా సరే. మీకు ముఖ్యమైనదై ఉండాలి."

మరుసటి మంగళవారం నాలుగైంది. నాలుగుంపావైంది. కుర్చీ ఖాళీ. తబిత చూపు అద్దం కింద రెండో ఎర్రగీత మీద పడింది. రావలసిన మనిషి రాకపోతే మర్నాటికల్లా పలకరించాలని అక్కడ ఉంది. బయట పేర్లు రాసుకునే లోవమ్మను పిలిచింది.

"పెద్దిరాజుగారు ఎందుకు రాలేదో ఓసారి ఫోన్ చేస్తారా?"

లోవమ్మ చెంపలు వేసుకుంది. "ఆస్పత్రోళ్ళం మనం, రమ్మని పిలుస్తామేంటండీ! మందుల కొట్టాయన కూడా మళ్ళీ రండి అనడు. రాలేదంటే బాగున్నట్టే."

తబిత ఈ ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషే. తను కూడా పేషెంట్లను పంపేటప్పుడు 'జాగ్రత్తగా వెళ్ళండి' అంటుందే తప్ప 'మళ్ళీ రండి' అనదు. వ్యాసం రాసినవాళ్ళకు ఈ పట్టింపులేం తెలుసు? పైగా మనసులో ఓ ఆశ. పరీక్ష ఫలించిందేమో. టీ కొట్టు దగ్గర ఎవరో భుజం మీద చెయ్యేసి 'ఏమైపోయావోయ్' అని ఉంటారు. ఇక తనతో పనేముంది?

రెండో మంగళవారమూ అతను రాలేదు. ఆ గంటా తబిత ఒక్కతే కూర్చుంది. బయట ఆటోల గోల, లోపల ఫ్యాను చప్పుడు. ఖాళీ కుర్చీ ఎదురుగా గంటసేపు గడపడం ఎంత కష్టమో ఆమెకి తెలిసొచ్చింది. నంబరు దాకా వెళ్ళి, లోవమ్మ మాట గుర్తొచ్చి ఫోను బల్ల మీద పెట్టేసింది. ఫైలు తీసి 'మెరుగుపడ్డారు' అని రాసి మూసింది.

మూడో మంగళవారం సరిగ్గా నాలుగింటికి పెద్దిరాజు వచ్చాడు. నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. తబితకి ప్రాణం లేచొచ్చింది.

"ఏమైందండీ మన పరీక్ష?"

"చేశానండి. మీరన్నట్టే, వరసగా రెండుసార్లు." కాగితం విప్పి బల్ల మీద పెట్టాడు. "మీరు అంత గట్టిగా చెప్పారని, ఆవేళ ఇంటికెళ్ళాక, మొదటిసారికి నూరు కొట్టేసి ఎనభై చేశానండి. ఫోను పక్కనే పెట్టుకుని కూర్చున్నాను. రెండోసారి మళ్ళీ నూరే రాశాను."

తబిత చూపు నేరుగా మూడో గడి మీదికి పోయింది. 'ఎవరూ లేరు.' కింద మళ్ళీ అదే మాట.

రెండు వారాలు ఆ మనిషి ఎలా కూర్చుని ఉంటాడో తలుచుకుంటే ఆమెకు ఎవరి మీదో తెలియని కోపం వచ్చింది.

"పోన్లెండి, మీరేం బాధపడకండి. మీలో లోపం లేదు. మీరు ఎంచుకున్న చోటే మంచిది కాదు. కొందరంతే, ఎదుటి మనిషి విలువ తెలీదు. ఇంతకీ ఎక్కడండి, మీరు మానేసింది?"

పెద్దిరాజు తల దించుకున్నాడు.

"మొదటి గడి చూడండి."

గుండ్రటి అక్షరాలతో పొందికగా రాసి ఉంది. 'మంగళవారం నాలుగు గంటలు, తబితగారి గది.'