బాబ్జీ మీద బైనాక్యులర్

ఎదురు స్కూల్లో రిసెస్ బెల్లు కొట్టడానికి ఇంకా అయిదు నిమిషాలుంది. ఆంగ్ మో కియో పేటలో ఓ ఫ్లాట్ల బ్లాకు ఎనిమిదో అంతస్తు వరండాలో సత్యవాణి అప్పటికే మోచేతులు పిట్టగోడకి ఆనించి, బైనాక్యులర్ కళ్లకి అంటించుకుని నిలబడింది.

బాబ్జీకి ఆ స్కూల్లో ఇవాళే మొదటి రోజు. పొద్దున పెట్టిన రెండిడ్లీల్లో ఒకటి వదిలేసి వెళ్లాడు. ఆ వదిలేసిన ఇడ్లీ ఇప్పుడు ఆవిడ గుండెల్లో అరక్కుండా కూర్చుంది. డబ్బా ఎవరైనా లాక్కుంటే? మెతుకు గొంతుకి అడ్డం పడితే? బూటు లేసు తొక్కుకుని మెట్ల మీంచి దొర్లితే?

"గేటు దగ్గరికి మాత్రం రావద్దమ్మా, ప్లీజ్ లా! ఎవ్రీబడీ విల్ లాఫ్," అని వాడు వెళ్తూ వెళ్తూ ఆ ఊరి యాసలో బతిమాలాడు.

ఆవిడ గేటు దగ్గరికి వెళ్లలేదు. ఇచ్చిన మాట తప్పే మనిషి కాదు.

కింద కంచె దగ్గర మాత్రం తిరనాళ్లలా ఉంది. ఏటా జనవరిలో ఇదే తంతు. ఒకటో తరగతిలో చేరిన పిల్లలు క్యాంటీన్‌లో సొంతంగా కొనుక్కుని తింటారో లేదోనని, అమ్మలూ నాన్నలూ ఆఫీసులకి సెలవు పెట్టి వచ్చి ఇనప చువ్వలకి ముఖాలు ఆనించేస్తారు.

"మీవాడికీ ఇవాళే మొదలా, వదినగారూ?"

సత్యవాణి ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. ఆవిడ దేవుళ్లందరికీ పెట్టుకుంటున్న మొక్కులు విని తెలుగావిడని పోల్చుకున్నట్టుంది, ఇంకో పెద్దావిడ నవ్వుతూ నిలబడి ఉంది. పేరు సరోజిని. ఆవిడ మెళ్లోనూ ఓ బైనాక్యులర్. మనవడు బాలు ఒకటో తరగతి. కొడుకూ కోడలూ రాఫెల్స్ ప్లేస్‌లో ఆఫీసులకి పోతే, ఈ కాపలా ఈవిడ మీద పడింది.

"ఇవాళేనండీ. ఒకటే బెంగ."

"వాడికా, మీకా?" అంటూనే సరోజిని కళ్లు సత్యవాణి బైనాక్యులర్ మీద పడ్డాయి. "ఎన్ని రెట్లు?"

"పన్నెండు."

"నాదీ పన్నెండే. నాలుగొందల డాలర్లు. మీదెంతేమిటి?"

సత్యవాణి గొంతు తగ్గించింది. "మూడు వేలు."

"అమ్మ బాబోయ్!"

గొలుసుకని దాచుకున్న డబ్బది. కొట్టతను రెండు రకాలూ ముందు పెట్టి వివరంగానే చెప్పాడు. ఆస్ట్రేలియా వెళ్లి జింకల్ని వేటాడేవాళ్లు కొనే సరుకట. మధ్యరకంలో ఎండలో అన్నీ బాగానే కనబడతాయి, నీడలోకొస్తే మాత్రం జింకో పొదో తెలీదట. ఖరీదైనదాంట్లో జింక కనురెప్పలు కూడా లెక్కపెట్టొచ్చట. "ఏం వేటాడతారు ఆంటీ?" అనడిగాడు. పావురాలకి గింజలు చల్లితేనే జరిమానా వేసే ఊళ్లో ఆవిడేం వేటాడుతుంది?

"ఇడ్లీ తిన్నాడో లేదో చూడాలి బాబూ," అంది.

అతను ఆవిడ ముఖం ఓసారి చూసి, మధ్యరకాన్ని తీసి లోపల పెట్టేశాడు. చెయ్యి వణికితే ఆ వణుకూ పన్నెండు రెట్లు కనబడుతుందన్న సంగతి మాత్రం ఆవిడకి ఇంటికొచ్చాకే తెలిసింది. దానికి ఏ ధరలోనూ మందు లేదు.

"మీవాడు ఏ క్లాసు?" సరోజిని అడుగుతుండగానే బెల్లు కొట్టింది.

రెండు బైనాక్యులర్లూ ఒక్కసారే లేచాయి.

"మావాడు నూడుల్స్ కొనుక్కున్నాడు తల్లీ! తింటున్నాడు!" సరోజిని బెంగ అర నిమిషంలో తీరిపోయింది. "మీవాడేడీ?"

"ఆ మూల బల్ల. నా స్టీలు డబ్బా ముందు."

సరోజిని అటు తిప్పింది. ఆ మూలంతా నీడ. నాలుగొందల డాలర్లకి డబ్బా మెరుపూ, దానికి అడ్డంగా ఓ పెద్ద కుర్రాడి వీపూ తప్ప ఇంకేమీ దొరకలేదు.

"వదినగారూ, ఎవడో చెయ్యెత్తాడండోయ్!"

సత్యవాణి మోచేతులు బిగించింది. మూడు వేల డాలర్లలో అంతా స్పష్టంగా ఉంది. ఆ కుర్రాడు ఎత్తిన చేత్తో కళ్లు తుడుచుకుంటున్నాడు.

"కొట్టడం లేదండీ, ఏడుస్తున్నాడు."

"కొట్టొచ్చి ఏడ్చే రకాలుంటాయి, మీకు తెలీదు!"

ఇంకో ఇద్దరు వచ్చి వాడి పక్కన నిలబడ్డారు. బాబ్జీ ఇడ్లీ ముట్టనే లేదు. తుంచిన ముక్క తుంచినట్టే ఉంది.

"ముగ్గురయ్యారు! పదండి కిందికి!" సరోజిని ఆవిడ చెయ్యి పట్టుకుని లాగింది.

"గేటు దగ్గరికి రానన్నానండీ వాడితో..."

"ముగ్గురు చుట్టుముడితే ఇంకా మాటేమిటి? రండి!"

లిఫ్టులో సత్యవాణి ఆంజనేయ దండకం సగం దాకా వచ్చింది.

గేటు దగ్గర గార్డు అడ్డం వచ్చాడు. "వాట్ హ్యాపెన్, ఆంటీ?"

"ఈవిడ పిల్లాణ్ణి త్రీ బిగ్ బాయ్స్ ఏడిపిస్తున్నారు! ఫస్ట్ డే నాడే! కాల్ ప్రిన్సిపాల్!" అంది సరోజిని.

సత్యవాణి ముఖం కందిపోయింది. "ప్రిన్సిపాల్ ఎందుకులెండి. ఇడ్లీ తిన్నాడో లేదో కనుక్కుంటే చాలు."

"మీ మెతకదనం వల్లే పిల్లలు అలా తయారవుతారు! కాల్!"

కంచెకి అంటుకున్న ముఖాలన్నీ ఇటు తిరిగాయి. "కాల్ లా, అంకుల్! కాల్!" అని వాళ్లూ అందుకున్నారు. గార్డు వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకున్నాడు. సత్యవాణి సరోజిని వెనక్కి నక్కింది.

అల్లరి చేసిన ముగ్గుర్నీ వాళ్ల టీచరుకి అప్పజెప్పి, దారి పొడుగునా పిల్లలు చెబుతున్న గుడ్ మార్నింగులకి తల పంకిస్తూ, టై సర్దుకుంటూ వచ్చిన నలభై అయిదేళ్ల కొత్త ప్రిన్సిపాల్ గారు సరోజిని భుజం మీంచి తొంగి చూసి, బిక్కచచ్చిపోయి, "అమ్మా!" అన్నాడు.