ఇస్త్రీ బండి మీద అర్జీ

"పదకొండింటికి వార్డు ఆఫీసరు వస్తున్నాడు. ఆయన వచ్చి తీయించేలోపు నీ అంతట నువ్వే బండి తీసేస్తే మర్యాదగా ఉంటుంది," అన్నాడు ప్రెసిడెంటు.

ఇస్త్రీ పిన్ని తలెత్తలేదు. చొక్కా కాలరు మీద పెట్టె తిప్పుతూ, "పదకొండుకి ఇంకా ఇరవై నిమిషాలుంది బాబూ. ఈలోపు నాలుగు చొక్కాలవుతాయి," అంది.

ప్రెసిడెంటు అంటే దేశానికి కాదు, సందు మొదట్లో ఉన్న పన్నెండు ఫ్లాట్లకి. ఆ పన్నెండిళ్లలో ఇద్దరు ఆయన మాట వినరు, మిగతావాళ్లు విన్నట్టు తలూపుతారు. అయినా నడకలో ఠీవికి లోటు లేదు. ఇక పిన్ని ఎవరికి పిన్ని అని అడక్కూడదు. ఆమెకన్నా పదేళ్లు పెద్దవాళ్లు కూడా అలాగే పిలుస్తారు.

ఊరి నడిబొడ్డుకు కూతవేటు దూరంలో ఉన్న పాత పేట అది. ఎదురెదురు బాల్కనీల్లో నిలబడి చేతులు చాస్తే పంచదార గిన్నె ఇటు నుంచి అటు మారిపోతుంది. ఎండ రోజుకో గంట పలకరించి పోతుంది గానీ, ఉక్క మాత్రం కాపురమే పెట్టేసింది. ఇక్కడ ఒకరు తుమ్మితే నాలుగిళ్ల అవతలి నుంచి మాత్ర వేసుకోమని సలహా వస్తుంది. ఆ సందు మలుపులో, పాత మేడ మెట్ల పక్కన పిన్ని బండి.

ఆ బండి పోతే ఆమెకు మరో ఆధారం లేదు. కూతురి నర్సింగు చదువు ఇంకో ఏడాది ఉంది. ఆ సంగతి ప్రెసిడెంటుకూ తెలుసు. ఆయనేం రాక్షసుడు కాదు. కొత్తగా కొన్న కారు ఆ మలుపు తిరగడం లేదు, అంతే.

"వీధిలో బండి పెట్టాలంటే వార్డు ఆఫీసు కార్డుండాలి. నీకుందా?"

"లేదు."

"మరి ఏం చూసుకుని ఈ ధైర్యం?"

"నా పని నేను చూసుకుంటున్నాను బాబూ."

మూడో అంతస్తు నుంచి తాడు కట్టిన బుట్ట దిగింది. వెనకాలే టీచరమ్మ గొంతు దిగింది. "పిన్నీ, అందులో పట్టుచీర ఉంది. ఆయన అరుపులకి చెయ్యి అదిరి కాల్చేవు. ఆయన వెళ్లాకే చెయ్యి."

ఎదురుగా సెలూన్ అతను కత్తెర ఆపి గుమ్మంలోకి వచ్చాడు. "ఇంతకీ ప్రెసిడెంటు గారూ, మీరు వేసుకున్న చొక్కా ఇస్త్రీ ఎక్కడిది?"

"బట్టలిచ్చేది మా ఆవిడ. అర్జీ ఇచ్చింది నేను. ఆ శాఖ వేరు, ఈ శాఖ వేరు. పోస్టులో వేసి పదిరోజులు కూడా కాలేదు, ఆఫీసరే ఫోన్ చేసి వస్తానన్నాడు. రాత అంటే అలా ఉండాలి."

సెలూన్ అతను మీసాల్లో నవ్వుకున్నాడు. బాల్కనీల్లో ఒక్కొక్క తలా మొలిచింది. అన్నిటిలోనూ దిగులే. పిన్ని మాత్రం మూడో చొక్కా మడత పెట్టి నాలుగోది పరిచింది.

ఆఫీసరు సరిగ్గా పదకొండింటికే వచ్చాడు. చెమట తుడుచుకుని, చంకలోని ఫైలు తెరిచాడు.

"ఈ అర్జీ రాసింది మీరేనా సార్?"

"నేనే. ప్రతి అక్షరం నాదే."

"చదువుతాను. తప్పుంటే చెప్పండి." ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు. "'ఈ ఇస్త్రీ బండి పాత మేడ మెట్ల పక్కన ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు స్థలంలో పందొమ్మిదేళ్లుగా ఒక్కరోజు కూడా కదలకుండా పాతుకుపోయి ఉంది. నేను ఈ పేటకు వచ్చిన నాటి నుంచి కళ్లారా చూస్తున్నాను.' ఇది నిజమేనా?"

"అక్షరాలా నిజం. టేపు పట్టి కొలిచాను."

"నా ఎదుట సంతకం పెడతారా?"

"ఒకటేం, రెండు పెడతాను." రెండూ పెట్టాడు.

ఆఫీసరు సంతకాలు చూసుకుని, ఫైల్లోంచి ఒక కార్డు తీసి తేదీ వేశాడు. దాన్ని పిన్ని చేతికిచ్చాడు.

"ఇదిగోనమ్మా నీ కార్డు. ఇక నిన్నెవరూ కదపలేరు."

ప్రెసిడెంటు కార్డు వైపు వేలు చూపించాడు. "నేను తీసేయమని రాస్తే మీరు కార్డిస్తారా?"

"రెండేళ్లుగా అడుగుతోంది సార్. పదేళ్లకు పైగా ఇదే చోట ఉందని ఈ పేట మనిషెవరైనా రాసి సంతకం పెడితే ఇవ్వాలని మా రూలు. వీళ్లంతా నోటితో వంద చెప్తారు, కాగితం అనగానే కోర్టు గొడవలేమోనని జారుకుంటారు. మీరొక్కరే ధైర్యంగా రాశారు. కొలతలతో సహా. పైగా ఈమె అంటే గిట్టనివారు. మాకు ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది?"

బాల్కనీల్లో చప్పట్లు మొదలయ్యాయి. జారుకున్నవాళ్లే గట్టిగా కొట్టారు. పిన్ని కళ్లు చెమర్చాయి. సంతోషంతోనే.

ప్రెసిడెంటు అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. "అయితే ఆ అర్జీ ఇప్పుడే వెనక్కి తీసుకుంటున్నాను. ఇచ్చినవాడికి ఆ హక్కు ఉంది."

"రాసింది మీరే సార్," అన్నాడు ఆఫీసరు, ఫైలు మూసేస్తూ. "ఇచ్చింది మీరు కాదు."

పిన్ని పమిటచెంగుతో కళ్లు తుడుచుకుని, మొదటిసారి తలెత్తి ఆయన వంక చూసింది.

"మీరు పోస్టులో ఏం వేసొచ్చారో గానీ బాబూ, ఆ కాగితం ఇస్త్రీకొచ్చిన మీ కోటు జేబులోనే ఉండిపోయింది. సెలూన్ తమ్ముడి చేత చదివించుకుని, తీసుకెళ్లి ఆఫీసులో ఇచ్చింది నేనే."