మెట్ల సందులో నీలి పువ్వు

“మళ్ళీ లేచిందే, దొంగమొహంది!”

పెరటి మెట్ల మీద చతికిలబడి అత్తగారు అరిచింది.

రెండు రాళ్ళ నడుమ వేలెడంత మొక్క. దాని నెత్తిన గోరంత నీలి పువ్వు. మొన్నామధ్యే పెకలించింది. అంతకు ముందు మరిగే నీళ్ళు పోసింది. అది కొన్నాళ్ళు ఊరుకుంటుంది, ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు పళ్ళికిలిస్తుంది.

అసలది ఊరి చివర రాళ్ళగుట్టది. బండల పగుళ్ళలోనే బతుకుతుంది. ఎండకు పైన మాడిపోయినా వేరు చావదు, చినుకు పడితే మళ్ళీ లేస్తుంది. కుండీలో పెట్టి ముద్దు చేస్తే మాత్రం అలిగి చస్తుంది. అలాంటిదానికి గుట్టంతా వదిలేసి ఈ మెట్లే దొరికాయా?

ఆ మెట్లు కట్టింది ఆమె భర్త. తాపీమేస్త్రీగా ఆయన చేసిన చివరి పని అదే. ఆయన పోయాక ఆమె మంచం దిగలేదు. ఇలాగే పడుకుంటే కాళ్ళు ఇక పనికిరావని డాక్టరు బెదిరించాడు. కొడుకు గడ్డం పట్టుకుని బతిమాలాడు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. ఒకరోజు కోడలు వచ్చి, “అత్తయ్యా, మామయ్య కట్టిన మెట్లలో ఏదో మొక్క మొలిచింది. రాళ్ళు కదులుతాయేమో,” అంది.

అంతే, గోడ పట్టుకుని లేచింది. అప్పటినుంచీ యుద్ధమే.

“సిమెంటు పూసేద్దామమ్మా,” అన్నాడు కొడుకు.

“మీ నాన్న పనికి నువ్వు అతుకులేస్తావా? నోర్ముయ్!”

పని నుంచి అప్పుడే వచ్చిన కోడలు, చేతిలో టిఫిన్ డబ్బాతో గుమ్మంలో నిలబడింది. “పోనీ వదిలేయండత్తయ్యా. అంత చిన్న పువ్వు, ఏం చేస్తుందని?”

“నీకేమమ్మా, నిలబడి ఎన్నైనా చెప్తావు! ఇక్కడ నా నడుం విరుగుతోంది.”

ఈసారి స్క్రూడ్రైవరు తెప్పించుకుంది. అడుగంటా తవ్వింది. వేరు పీచు కూడా మిగల్చలేదు.

“ఇక ఎలా వస్తావో నేనూ చూస్తా.”

చెమట తుడుచుకుంది. చేతికర్ర మెట్ల మీదే మరిచిపోయి, చకచకా స్నానానికి వెళ్ళిపోయింది.

లోపల నీళ్ళ చప్పుడు మొదలవగానే కోడలు డబ్బా మూత తీసి, గుట్ట మీదినుంచి తడిగుడ్డలో చుట్టి తెచ్చిన మొగ్గ తొడిగిన మొక్కను ఆ సందులోకి బొటనవేలితో మెల్లగా నొక్కింది.