డబ్బా తెచ్చినావిడ

ఆ హిందీ ఊళ్లో తార్‌బహార్ పేట పక్కనున్న రైల్వే క్వార్టర్ల మధ్య విశ్వనాథం మాస్టారు మూడుసార్లు తిరిగారు. ఇల్లు తెలియక కాదు. తలుపు తట్టడానికి ధైర్యం చాలక.

ఆయన కాలేజీలో హిందీ సాహిత్యం చెబుతారు. బి.ఏ. పిల్లలకి కథలు రాయడం కూడా నేర్పుతారు. ఈ ఇంటి పిల్ల ప్రసూన ఆయన దగ్గర రెండో సంవత్సరం చదివేది. నెల కిందట కామెర్లు ముదిరి పోయింది. పోవడానికి వారం ముందు, క్లాసులో రాసిమ్మన్న హిందీ కథని స్నేహితురాలి చేత పంపించింది.

పాతికేళ్ల ఉద్యోగంలో ఏ విద్యార్థి దగ్గరా అలాంటి కథ ఆయన చూడలేదు. ఈ ఏడు కాలేజీ పత్రికలో అదే ముందు వేద్దామనుకున్నారు. పిల్ల లేదు కనక ఇంటివాళ్ల సమ్మతి కావాలి. ఇంట్లో మిగిలింది తల్లి కనకం ఒక్కతే. చిక్కల్లా ఏమిటంటే, కథ ఆ తల్లి గురించే.

కనకం రన్నింగ్ రూమ్‌లో వంటమనిషి. డ్యూటీ దిగిన రైలు డ్రైవర్లకీ గార్డులకీ అక్కడ వండి పెడుతుంది. కథలో ఒకరోజు ఆవిడ వంట మరకల చీరతోనే కాలేజీ గేటు దగ్గరికి అన్నం డబ్బా తెస్తుంది. ఎవరని స్నేహితులు అడిగితే, మా ఇంట్లో పనిచేసే ఆవిడ అంటుంది కూతురు. తల్లి వింటుంది. విని, డబ్బా చేతికిచ్చి, "అమ్మగారు వేడిగా ఉండగానే తినమన్నారు పాపా" అనేసి వెనక్కి తిరిగిపోతుంది.

ఏది చెప్పుకోవడానికి మీకు సిగ్గో అదే రాయండర్రా అని క్లాసులో చెప్పింది ఈయనే. బల్ల వెనక నిలబడి ఎన్నయినా చెప్పొచ్చు. ఆ సిగ్గుని మోసుకొచ్చి కన్నతల్లి ముందు విప్పాల్సి వచ్చేసరికి కాళ్లు వెనక్కి లాగుతున్నాయి.

చివరికి తలుపు కనకమే తీసింది.

"ఇంతెండలో వచ్చీసినారేటి మాస్టారూ? కూకోండి బాబూ."

ఆ యాస వినగానే ఆయన ప్రాణం కుదుటపడింది. శ్రీకాకుళం వైపునుంచి కాపురానికొచ్చి, వంటింట్లోనే బతుకు తెల్లారిన మనిషై ఉంటుంది. హిందీ మాట్లాడుతుందేమో గానీ చదవడం ఎక్కడిది అనుకున్నారు.

పక్క చుట్టేసి మంచం గోడకి చేరవేసి ఉంది. ఆయన అటు చూడకుండా కూర్చున్నారు. కనకం టీ పెడుతూ తనే కబుర్లు చెప్పింది. ప్రసూన సాహిత్యం తీసుకుంటానంటే చుట్టాలంతా నవ్వారట. కథలు రాసేవాళ్లకి రైల్వేలో ఏ పోస్టు ఇస్తారని అడిగారట. పిల్ల మనసు అందులో ఉంటే మధ్యలో మీకేటని తనే వెళ్లి ఫీజు కట్టి వచ్చిందట.

మాస్టారు గొంతు సవరించుకుని పత్రిక సంగతి చెప్పారు. కథ చదివి వినిపిస్తానన్నారు.

కనకం ఏదో అనబోయి ఆగింది. వచ్చి గడప దగ్గర కింద కూర్చుంది.

"సదవండి బాబూ. దాని మాట ఇని నెల్రోజులయింది."

ఆయన చదవసాగారు. రన్నింగ్ రూమ్ పొయ్యిల సెగ, తరిగే ఉల్లిపాయల ఘాటు, తెల్లారే లేచి వెళ్లే తల్లి. అక్కడక్కడా కనకం పెదవులు కదులుతున్నాయి. ఏడుపు ఆపుకుంటోంది కాబోలనుకున్నారు.

గేటు వచ్చింది. మాస్టారు కాగితంమీంచి కళ్లు తీయకుండానే సొంతంగా అల్లి చెప్పడం మొదలుపెట్టారు. కూతురు పరుగెత్తుకెళ్లి తల్లిని వాటేసుకుందన్నారు. మా అమ్మ అని అందరికీ చూపించిందన్నారు. స్నేహితులంతా ఆ డబ్బాలోంచే తలో ముద్దా తిన్నారన్నారు. ఇలాంటి ముగింపు ఏ విద్యార్థి రాసుకొచ్చినా ఆయన అత్తెసరు మార్కులు కూడా వేసేవారు కాదు.

కనకం తలెత్తింది. ఆయన మొహంలోకి, తర్వాత కాగితాలకేసి చూసింది.

"అలాగే ఉందా బాబూ అందులో?"

"అలాగే ఉందమ్మా."

ఆవిడ కళ్లనిండా నీళ్లు తిరిగాయి. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, మీరు మంచోరు బాబూ అంది.

ఆ మాటకి ఆయన గుండె కలుక్కుమంది. అయినా ఒక తల్లిని కాపాడానన్న తృప్తీ కలిగింది. పత్రికలోనూ ఇలాగే మార్చేస్తే సరి, పిల్ల వచ్చి అడుగుతుందా అనుకున్నారు. అనుకున్నాక ఆయనకే ఏడుపొచ్చింది. ఆ కథ ప్రాణమంతా గేటు దగ్గరే ఉంది. అది తీసేస్తే ఆ పిల్ల రాసిన ఒక్క కథా కూడా పోయినట్టే. ఉంచితే, ఇరుగుపొరుగు ఎవరో ఒకరు ఈ తల్లికి చదివి చెప్పకపోరు. చచ్చినవాళ్లకంటే బతికున్నవాళ్లే ముఖ్యమని మనసు రాయి చేసుకున్నారు.

సమ్మతి పత్రం తీసి ఆవిడ ముందు పెట్టారు. మాస్టారిది ముందుచూపు. వేలిముద్రకి ఇంకు ప్యాడు కూడా వెంట తెచ్చుకున్నారు. మూత తీసి, ఎక్కడ వేలు పెట్టాలో చూపించారు.

కనకం ప్యాడుని మెల్లిగా పక్కకి జరిపింది. ఆయన జేబులో పెన్ను అడిగి తీసుకుంది. కాగితం మోకాలిమీద పెట్టుకుని, తల వంచి, ఎక్కడా ఆగకుండా నాలుగు వరుసలు రాసి ఆయన చేతికిచ్చింది.

శుభ్రమైన హిందీలో ఇలా ఉంది: "పెన్ను పట్టుకునే ఓపిక లేక నా కూతురు మంచంమీంచి చెబుతుంటే నా చేత్తో నేనే రాసిన ఈ కథని, గేటు దగ్గర జరిగినదాంట్లో ఒక్క ముక్క కూడా మార్చకుండా అచ్చు వేయడానికి నాకు సమ్మతమే."