చిలుక కన్ను

“జర నిమ్మలంగ ఊపిరి తీస్కో తమ్మీ. నేనీడనే ఉన్న, యాడికి పోను,” అన్నాడు రాయమల్లు.

ఎనభైల నాటి మాట. శ్రీరాంపూర్ దిక్కున ఒక బొగ్గుబాయిలో కప్పు కూలి, బండ కింద ఒక మనిషి నడుము దాకా ఇరుక్కున్నాడు. బండకూ గోడకూ నడుమ మిగిలిన సందులో ఇద్దరికి మించి చోటు లేదు. తక్కినవాళ్లు కప్పుకు ఆసరాగా నిలబెట్టే మొద్దుల కోసం, స్ట్రెచర్ కోసం వెనక్కి ఉరికారు. లోపల మిగిలింది రాయమల్లు, సత్తార్, ఒక హైడ్రాలిక్ జాకీ.

జాకీతో మనుషుల్ని బయటికి తీయడంలో రాయమల్లు చెయ్యి తిరిగినవాడు. కొత్తవాళ్లకు పాఠం చెప్పేది కూడా ఆయనే. పంపు కొద్దికొద్దిగా కొట్టాలి. బండ వేలెడు లేవగానే కింద చెక్క దూర్చాలి, అప్పుడే మళ్లీ పంపు. చెక్క మరిచి తొందరపడితే జాకీ జారి బండ మళ్లీ మనిషి మీదే కూర్చుంటుంది. పని అయ్యేదాకా ఇద్దరి మధ్యా మాట ఆగకూడదని కూడా ఆయన తప్పక చెప్పేవాడు.

సత్తార్ ఆ జట్టులో చేరి నెల కాలేదు. దీపం వెలుగులో అతని ముఖం పాలిపోయి ఉంది. పైన కప్పు పటపటమంది. అది ఇంకోసారి కూలితే ఇద్దరూ దక్కరు.

“నాతోని కాదన్నా. చేతులు వణుకుతున్నయి. బాయి పని వద్దని మా ఇంటిది ఖుర్షీద్ మొత్తుకున్నది, నేనే ఇనలే,” అన్నాడు సత్తార్ ఏడుపు గొంతుతో.

ఇంత పిరికివాడితో పని పడిందేమిటని రాయమల్లుకు విసుగొచ్చింది. వెంటనే సిగ్గు వేసింది. అలాంటి చోట ఎవరికి మాత్రం భయం ఉండదు? నిర్మల్‌లో ఉన్నప్పుడు సత్తార్ కొయ్యబొమ్మలకు రంగులు వేసేవాడని ఎవరో అనగా విన్నాడు. ఆ సంగతి ఎత్తాడు.

“చిలుకకు కన్ను ఎట్ల పెడ్తవు తమ్మీ?”

“గిప్పుడు గదెందుకన్నా?”

“చెప్పు. నాకు ఇనబుద్ధయితుంది.”

“ఊపిరి బిగవట్టాలె. కుంచె కొస ఆనిచ్చి మెల్లగ తియ్యాలె. తొందరపడితే చిలుక ఖరాబయితది.”

“నువ్వెన్ని ఖరాబు చేసినవు?”

“మొదట్ల శానా. ఎనుక ఒక్కటి గూడ కాలే.”

ఆ జవాబులో రవ్వంత గర్వం వినబడింది. రాయమల్లుకు ప్రాణం లేచివచ్చింది.

“నీ ముంగట గిప్పుడు చిలుకనే ఉన్నదనుకో,” అన్నాడు.

పంపు కిర్రుమంది. బండ కదిలింది, చెక్క పడింది. రాయమల్లు చిలుక ముక్కు సంగతి అడిగాడు, రెక్కల రంగు అడిగాడు. నడుమ ఒకసారి గొంతు పెగలకపోతే పళ్లు బిగించి, ఆ పచ్చ ఎట్లా కలుపుతారని మళ్లీ అడిగాడు. సత్తార్ చెప్తూనే ఉన్నాడు. బండ లేస్తూనే ఉంది. చివరికి జానెడు సందు ఏర్పడింది.

“లేసిందన్నా,” అన్నాడు సత్తార్, ఏడుస్తూనే నవ్వుతూ.

“నేను చెప్పలే?” అన్నాడు రాయమల్లు.

సత్తార్ పంపు వదిలి, బండ కిందినుంచి రాయమల్లును బయటికి లాగాడు.