ఓనరమ్మ వాటా

చెంప ఛెళ్లుమంది. ఆ వెంటనే ఇంకోటి.

"లెవ్వే! పొద్దు నెత్తిమీదికొచ్చింది. నీ అయ్య చేస్తడా పని?"

గోడ ఇవతల అక్షర చేతిలో అన్నం ముద్ద ఆగిపోయింది. మాణికేశ్వర్ నగర్‌లో గదికీ గదికీ మధ్య ఒక్క ఇటుకే అడ్డం. పక్కవాళ్లు దగ్గినా వినపడుతుంది, గొంతు ఎవరిదో మాత్రం పోల్చలేం.

"జరమొస్తే సచ్చిపోతవా? సావు. బండి కాడికి పోయి సావు!"

మళ్లీ దెబ్బ. ఒక మూలుగు. తర్వాత గిన్నెలు కదిలిన చప్పుడు.

పక్క గదిలో ఉండేది ఉప్పలమ్మ. సాయంత్రాలు తార్నాకలో మిర్చి బజ్జీల బండి దగ్గర నిలబడుతుంది. అక్షర ఈ మధ్యనే ఇక్కడ దిగింది. యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. దేశం సంపాదనలో కష్టం చేసేవాళ్ల వాటా ఎందుకు తగ్గిపోతోందన్నది ఆమె విషయం. పుస్తకంలో అది కిందికి జారే ఒక గీత. ఆ గీత మూలుగుతుందని ఏ పుస్తకమూ చెప్పలేదు.

సాయంత్రం అక్షర బండి దగ్గరికి వెళ్లింది. ఉప్పలమ్మ బుగ్గ వాచి ఉంది. మోచేతి పైన కాలిన వాతలు. ఒకటి ఇంకా పచ్చిగానే ఉంది.

"మీ బండి ఓనర్ కొట్టిందా అమ్మా?"

ఉప్పలమ్మ ఆమె వంక ఒక క్షణం చూసి పకపకా నవ్వింది. "ఇన్నవా? అవ్ బిడ్డా. మా ఓనరమ్మ మస్తు ఖతర్నాక్."

"జరమున్నా రమ్మంటదా?"

"సచ్చినా రమ్మంటది. ఒక్కపూట బండి పెట్టకుంటే జాగ ఇంకోడు గుంజుకుంటడాయె. ఆదివారం గూడ ఇయ్యది."

"మరి వచ్చిన దాంట్ల నీకెంత ఇస్తది?"

"నాకేడిది? పిండి, నూనె, గ్యాసు... అంతా తీస్కపోయి బండికే పెడ్తది. నా వంతు గీ దెబ్బలు."

"పోలీసులకు చెప్దాం పా."

"అమ్మో, వద్దు! ఆమె జైల్ల పడితే నేనెట్ల బత్కాలె?"

అక్షరకు ఒళ్లు మండిపోయింది. కొట్టేదాని కడుపు కూడా కొట్టించుకునేదే నింపాలి, పైగా దాన్ని కాపాడాలి. ఏం బతుకు ఇది?

ఆ ఓనరమ్మ మొహం చూడాలని రెండు పూటలు వాకిట్లో కాపు కాసింది. ఉప్పలమ్మ తప్ప ఎవరూ రాలేదు, ఎవరూ పోలేదు. దెబ్బలు మాత్రం ఆగలేదు.

చివరికి క్యాంపస్‌లో లా చదివే నాగేష్‌కు చెప్పింది. ఇద్దరిదీ ఒకే ఊరు. అతని కోపం సంగతి ఊరంతటికీ తెలుసు.

"రేపు మీ రూంలనే కూసుంట. చెయ్యి లేపనియ్, ఇరగ్గొడ్త."

అన్నట్టే మర్నాడు మధ్యాహ్నం హాకీ కర్రతో వచ్చి గోడ పక్కన కూర్చున్నాడు. ఎంతోసేపు ఆగనక్కరలేకపోయింది.

గోడ అవతల ఏదో దభీమని పడింది. గిన్నె దొర్లింది.

"మళ్ల పడ్డవా? లే! లెవ్వవా? గిట్ల గాదు నీకు!"

టపటపా దెబ్బలు. తర్వాత సుర్రుమన్న శబ్దం. ఆ పైన ఒక్క కేక. అక్షర చెవులు మూసుకుంది.

నాగేష్ అప్పటికే బయటికి ఉరికాడు. ఒక్క తన్నుకు గడియ ఊడింది. రెండో తన్నుకు తలుపు గోడకు కొట్టుకుంది. కర్ర ఎత్తి లోపలికి దూకాడు.

"ఏదది? ఏడున్నది మీ ఓనరమ్మ?"

పొయ్యి ముందు ఒంటరిగా కూలబడిన ఉప్పలమ్మ, ఎర్రగా కాగిన గరిటెను తన మోచేతి మీది నుంచి తీసి, అతని కర్ర వంక ఆశగా చూస్తూ అంది, "ఓనరమ్మను నేనే కొడుకా, జర గట్టిగ కొట్టు, నా చేతులతోని కొట్టుకుంటే ఈ జరం నిద్ర ఆగుతలేదు."